గుడి లేని రవి

2007లో మా అమ్మాయి మూడో పుట్టినరోజుకి బేగంపేటలోని దేవ్‌నార్ అంధుల పాఠశాలకి వెళ్లాం. అప్పట్లో మా ఆఫీసులో అదో అలవాటు. ఇంట్లో పుట్టినరోజొస్తే ఏదో ఒక ఆశ్రమంలో ఒక పూట భోజనానికి డబ్బు కట్టడం, పిల్లల పక్కన నిలబడి ఫొటో దిగడం. నేనూ రెండు కిలోల మైసూర్‌పాక్ పట్టుకుని బయల్దేరినవాణ్ణే.

విమానాశ్రయం ఇంకా శంషాబాద్‌కి తరలిపోలేదు. ఏదో విమానం నెత్తిమీద నుంచి మోత పెట్టుకుంటూ పోయింది. వరండాలో కూర్చున్న కుర్రాడు, పదేళ్లుంటాయేమో, తల కూడా ఎత్తకుండా "ఏటీఆర్ అంకుల్, పంకాలుంటాయి దానికి" అన్నాడు. కళ్లున్న నాకు అది ఉత్త విమానం.

వాడి ఒళ్లో స్లేట్ ఉంది. మనం అక్షరాలు దిద్దిన పలక కాదు, వరసలుగా చిన్న చిన్న గళ్లున్న పట్టీ. అందులో దళసరి కాగితం బిగించి, స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో టిక్కు టిక్కుమని పొడుస్తున్నాడు, అదీ కుడి నుంచి ఎడమకి. కాగితం తిప్పేస్తే చుక్కలు ఇవతలికి ఉబ్బుతాయి, అప్పుడు ఎడమ నుంచి చదువుకోవాలి. నా పేరు రాయమన్నాను. మూడు గళ్లలో అయిపోయింది.

"ర, వ, ఇ" అని వేలు జరుపుతూ చదివాడు.

"మరి వకి గుడి ఏదిరా?"

"మాకు గుడి ఉండదంకుల్. వ పక్కన ఇ రాస్తే వి."

అదీ సంగతి. గుణింతాల్లేవు, కింద వేలాడే ఒత్తుల్లేవు. 1951లో ఖరారైన, మన భాషలన్నిటికీ ఉమ్మడి చుక్కల లిపి అయిన భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కీ హిందీ 'క'కీ అవే చుక్కలు. అంతకుముందు ఒక్కో ప్రాంతానిదీ ఒక్కో పద్ధతి, ఒకరి పుస్తకం ఇంకొకరికి పనికొచ్చేది కాదు.

ఆ బడి మొదలైంది 1990ల మొదట్లో, నలుగురంటే నలుగురు పిల్లలతో. పెట్టింది కంటి డాక్టరు సాయిబాబా గౌడ్ గారు. ఆపరేషన్‌తో చూపు వచ్చేవాళ్ల సంగతి సరే, రానివాళ్లని ఏ బడికి పంపాలి? ఆ ప్రశ్న ఒక కంటి డాక్టరుకే తట్టడం నాకు న్యాయంగా అనిపిస్తుంది. ఫీజు లేదు, ఇంగ్లిష్ మీడియం. నలుగురు కాస్తా వందల్లోకి వెళ్లారు. ఇంగ్లిష్ మీడియం దేనికని అప్పట్లో నేనూ అనుకున్నాను. మా అమ్మాయికి మాత్రం అప్పటికే ఓ కాన్వెంటులో అప్లికేషన్ పెట్టి ఉన్నాను మరి!

ఆ రోజే టేలర్ ఫ్రేమ్ కూడా చూశాను. లెక్కలు చేసుకునే పలక అది. నక్షత్రంలా ఎనిమిది మూలలున్న రంధ్రాలు, వాటిలో గుచ్చే చిన్న లోహపు ముక్కలు. ముక్కని ఎటు తిప్పి గుచ్చితే ఆ అంకె. ఒక కొస గుచ్చితే ఎనిమిది గుర్తులు, తిరగేసి రెండో కొస గుచ్చితే ఇంకో ఎనిమిది. అంకెలు పోను మిగిలినవి కూడికకీ తీసివేతకీ. ఆ కుర్రాడి చేతుల్లో భాగహారం నడుస్తుంటే మైసూర్‌పాక్ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాను.

బొల్లా శ్రీకాంత్ చదివింది ఈ బడిలోనే. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా, బొమ్మలూ గ్రాఫులూ ఉంటాయి కాబట్టి చూపు లేనివాళ్లకి ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అన్నారు. కోర్టుకెళ్లి, నెలల తరబడి పోరాడి సీటు తెచ్చుకున్నాడు. పాఠాలన్నీ ఆడియోలో రికార్డు చేయించుకుని 98 శాతం తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీ, తిరిగొచ్చాక 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే సొంత కంపెనీ. అతని మీద సినిమా వచ్చాక మా ఆఫీసులో అందరికీ తెలిసింది. నాకైతే ఆ గ్రాఫుల మాట విన్నప్పుడల్లా టేలర్ ఫ్రేమే కళ్ల ముందుకొస్తుంది.

2018లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి. టెన్త్ రాసే అంధ విద్యార్థులకి, వాళ్లు చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌గా కింది తరగతి వాళ్లే ఉండాలి కదా, వేరే బడిలో చదివే ఒకమ్మాయికి రాయడానికి ఒప్పుకుంది. టెన్షన్ అంతా మా అమ్మాయిదే, తను తప్పు రాస్తే అక్క మార్కులు పోతాయని. మొదటి రోజు గంట కొట్టగానే ఇన్విజిలేటర్ పేపర్ లాక్కోబోయారట. అదనపు సమయం ఉంటుందన్న కాగితం చూపించినా వినలేదట. ఆ అమ్మాయి మెల్లగా "జీవో నంబరు చెప్పమంటారా సార్?" అని, నంబరూ తేదీ గడగడా అప్పజెప్పిందట. ఆయన వెళ్లి కూర్చున్నారు.

పరీక్షలయ్యాక ఆ అమ్మాయి మా ఇంటికి భోజనానికొచ్చింది. బీరువాలో ఫైళ్ల కింద దాచుకున్న నా పేరు కాగితం తీసి ఇచ్చాను, చూసుకుని మురిసిపోదామని. రెండుసార్లు వేలు పోనిచ్చింది.

"ర ఉందంకుల్. తర్వాతవి అణిగిపోయాయి. బ్రెయిలీ మీద బరువు పెట్టకూడదు" అంది. బ్యాగులోంచి స్లేట్ తీసి, "ఇంతకీ మీ పేరేంటి?" అని అడిగింది.