50లో 31

పొద్దున్నుంచీ ఆఫీసు పనితోనే సరిపోయింది. మధ్యాహ్నం ముసురు పట్టింది. నాలుగింటికి పార్సిల్ వచ్చింది. ఇక ఆ తర్వాత ఏ పని మీదా మనసు నిలవలేదు.

కొన్నేళ్ళుగా ఒక కళాకారిణి కొలాజులు, అంటే కాగితాల, ఫొటోల ముక్కలు అంటించి చేసే బొమ్మలు, వెతుక్కుని మరీ చూస్తున్నాను. అసలు బొమ్మ కొనే స్తోమత నాకు లేదు. వాటిలో ఒకదాన్ని 50 ప్రింట్లు మాత్రమే వేయించి, తనే సంతకం చేసి ఇస్తున్నారని తెలిసి ఒకటి తెప్పించుకున్నాను.

చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరాక అట్టగొట్టంలోంచి మెల్లగా లాగాను. దళసరి కాటన్ కాగితం. గొట్టంలో ఉండి ఉండి, వదిలితే చాలు మళ్ళీ చుట్ట చుట్టుకుపోతోంది. మూలల మీద తెల్లకాగితం వేసి, పైన పుస్తకాలు పెట్టాను. అప్పటికి గానీ బొమ్మంతా కనబడలేదు.

పాత మ్యాపు ముక్కలతో ఒక నది. ఒడ్డున, ఎప్పటిదో నలుపు తెలుపు ఫొటోలోంచి కత్తిరించిన ఒకావిడ, అటు తిరిగి నిలబడి ఉంది. తల ఉండాల్సిన చోట తెరిచిన ఉత్తరం కవరు. ఆవిణ్ణి కత్తెరతో చాలా శుభ్రంగా కత్తిరించారు. నదిని మాత్రం చేత్తో చింపారు. అచ్చువేసిన కాగితాన్ని చింపితే ఒక ముక్కకి రంగు అంచుదాకా ఉంటుంది, రెండో ముక్కకి లోపలి తెల్లటి పొర సన్నటి చారలా బయటపడుతుంది. ఆ తెల్లటి చారే ఇక్కడ నురగ. ఒక్క రంగు చుక్క వాడకుండా నీళ్ళు పారించారు.

ఒకచోట మ్యాపు ముక్క అంచు సరిగా అంటుకోక కొంచెం పైకి లేచింది. దాని కింద సన్నటి నీడ. తెలియకుండానే వేలు అక్కడికి పోయింది. నున్నగా తగిలింది. అంచూ లేదు, ఎత్తూ లేదు. ఉన్నదంతా అచ్చు సిరానే. ఒక్క క్షణం నిజంగా ఉసూరుమనిపించింది.

ఫ్రెంచి చిత్రకారుడు మతీస్‌కీ ఇలాంటి బాధే కలిగింది. రంగు కాగితాలు కత్తిరించి చేసిన బొమ్మలతో 1947లో ‘జాజ్’ అనే పుస్తకం వచ్చింది. అందులో 20 బొమ్మలు. ఆయన వాడిన రంగులతోనే, స్టెన్సిళ్ళు పెట్టి ఎంతో శ్రద్ధగా వేశారు. అయినా కాగితం మీద కాగితం ఉన్నప్పటి ఆ సున్నితత్వం అచ్చులో పోయిందని ఆయన నొచ్చుకున్నారు. అమెరికన్ కళాకారుడు రోమేర్ బేర్డెన్ దారి వేరు. 1964లో తన చిన్న చిన్న కొలాజులని ఫొటో తీయించి, నలుపు తెలుపుల్లో బాగా పెద్దవి చేయించి, వాటినే ప్రదర్శనకి పెట్టారు. చిన్న ముక్కల్లో ఉన్న ముఖాలూ చేతులూ గోడంత అయ్యేసరికి అది ఇంకో కృతి అయిపోయింది. ఇవాళ నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది కానీ, బేర్డెన్ వైపే కాస్త ఎక్కువ మొగ్గాను. అసలు 1912లో పికాసో తన మొదటి కొలాజులో అంటించిందే అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ కదా. కుర్చీ అల్లికలా కనిపించేట్టు మిషను వేసిన బొమ్మ అది.

చెల్లి వీడియో కాల్‌లో చూసి, “ఇది ప్రింటే కదా అక్కా, ఇంకో వెయ్యి వేయించుకోవచ్చుగా?” అంది.

వేయించొచ్చు. పూర్వం రాగి రేకు మీద సూదితో గీసి అచ్చు తీసేవాళ్ళకి ఆ వీలు లేదు. ప్రెస్సులో నలిగి నలిగి గీత పదును పోయేది, కొన్ని పదుల కాపీలకే బొమ్మ పల్చబడేది. ఇప్పటి ఇంక్‌జెట్‌లో మొదటిదీ ఒకటే, యాభయ్యోదీ ఒకటే. ఆపేది మిషను కాదు, ఆమె ఇచ్చిన మాట. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 31, పక్కన గీత, ఆ తర్వాత 50. కుడివైపు సంతకం. ప్రింటుని ఏటవాలుగా పట్టుకుని చూస్తే, పెన్సిల్ నొక్కిన చోట కాగితం ఇంత లోతుకి దిగి, మెరుస్తోంది. ఈ కాగితం మీద వేలికి తగిలేది అదొక్కటే. చెల్లికి ఇదంతా చెప్పాను. “సరే, ఈసారి ఫ్రేము జాగ్రత్త” అంది.

ఆ మాట దానికి తెలిసే అంది. ఇంతకుముందు ఒక ప్రింటుని ఫ్రేము కట్టడానికి ఇస్తే, నాలుగువైపులా మామూలు టేపు బిగించి, అద్దానికి ఆనించేసి కట్టిచ్చారు. వానాకాలంలో కాగితం సాగడానికి చోటు లేక అలలు అలలుగా ఉబ్బి, ఒక మూల అద్దానికి అతుక్కుపోయింది. తీయబోతే రంగు అద్దంతో పాటే వచ్చింది. ఎన్ని రోజులు బాధపడ్డానో. ఈసారి పైనుంచి రెండే చోట్ల, జపాన్ కాగితం, గోధుమ గంజి జిగురుతో వేలాడదీయించాలి. చుట్టూ యాసిడ్ లేని అట్ట మౌంటు వేయించి అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉంచాలి. ఎండ పడని గోడ ఒక్కటే ఉంది, పుస్తకాల అలమర పక్కన.

ఇప్పుడు రాత్రి పదకొండయింది. పుస్తకాలు తీసి చూశాను, కింది రెండు మూలలూ ఇంకా లేస్తున్నాయి. మళ్ళీ పెట్టేశాను. లైటు తీసేముందు ఆ నది అంచుని ఇంకోసారి చూశాను. ముట్టుకోలేదు. నీడ అక్కడే ఉంది. కావాలంటే ఆ నీడని కంప్యూటర్‌లో చెరిపేయించుకునేవారు. ఆమె చెరపలేదు.