మా పాప మెల్లకన్ను: ముందు కళ్లజోడు, ఆ తర్వాతే ప్యాచ్

మూడో ఏట పాప కుడికన్ను ముక్కువైపు తిరగడం మొదలైంది. మెల్లకన్ను అదృష్టం అంటూ ఊరుకుంటే పోయేది చూపే. తిరిగిన కన్ను పంపే బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది, ఆ కంటికి చూపు ఎదగదు.

చిన్నపిల్లలు కంటి కండరాన్ని బిగించి దూరదృష్టి లోపాన్ని, అంటే ప్లస్ పవర్‌ను దాచేస్తారు. అందుకే పవర్ పరీక్షకు ముందు మూడు రోజులు కంట్లో ఆ కండరాన్ని సడలించే అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టమన్నారు, బియ్యపుగింజంత. జ్వరం వచ్చినా, ముఖం ఎర్రబడినా ఆపేసి డాక్టరుకు చెప్పాలి. ట్యూబు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం, పిల్లలకు అందనివ్వకండి. కంటి వెనక పొర, రెటీనా కూడా తప్పక చూపించండి. అరుదుగా మెల్లకన్ను కంటి క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు.

పాపకు ప్లస్ 5 వచ్చింది. జోడు పెడితే కళ్లు సరిగ్గా ఉంటాయి, తీస్తే మళ్లీ లోపలికి తిరుగుతాయి. ఇది చూసి చాలామంది అద్దాలు పనిచేయట్లేదని మాన్పించేస్తారు. పనిచేస్తున్నాయి కాబట్టే ఆ తేడా! స్పష్టంగా చూడాలని పిల్లలు కండరం బిగిస్తే దాంతోపాటే కళ్లూ లోపలికి లాగుతాయి. ఆ బిగించే పని లెన్సు చేసిపెడుతుంది. కాబట్టి నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా జోడు ఉండాల్సిందే. ఫ్రేము జారితే పిల్లలు అద్దం పైనుంచి చూస్తారు, వెనక ఎలాస్టిక్ బ్యాండు కట్టించండి.

జోడుతోనే కొన్ని నెలలపాటు చూపు పెరుగుతుంది. అది ఆగాకే ప్యాచ్, అంటే కన్ను మూసే అంటుపట్టీ. అదీ బాగా కనిపించే కంటికి, అప్పుడే మెదడు బలహీనమైన కన్ను వాడుతుంది. బలహీనమైన కంటి చూపు 6/12 నుంచి 6/24 మధ్య (మామూలు చూపు 6/6) ఉన్న పిల్లల్లో రోజుకు 2 గంటల ప్యాచ్, 6 గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేసిందని 2003లో అమెరికా పరిశోధన తేల్చింది. చూపు ఇంకా తక్కువైతే 6 గంటలు చెబుతారు. ప్యాచ్ చర్మానికి అంటించి దానిమీద జోడు పెట్టాలి. అద్దానికి అంటిస్తే పక్కనుంచి చూసేస్తారు. కొబ్బరినూనె రాసి తీస్తే చర్మం రేగదు, కానీ జిడ్డు కడగకపోతే మర్నాటి ప్యాచ్ అంటుకోదు. ప్యాచ్ ఉన్న సమయంలో పూసలు గుచ్చడం, రంగులు వేయడం లాంటివి చేయించాలి. రోడ్డుమీదికి మాత్రం పంపొద్దు.

రివ్యూకి వెళ్లడం మానొద్దు, మూసిన కంటిలోనూ చూపు తగ్గే వీలుంది. ప్యాచ్ ఒక్కసారిగా ఆపకుండా గంటలు తగ్గిస్తూ రావాలి.

ఆపరేషన్ జోడు పెట్టాక కూడా మిగిలిన మెల్లకే. అది కన్ను తిప్పుతుంది, చూపు తేదు, పవర్ తగ్గించదు. జోడుతో సరిగ్గా ఉన్న కళ్లకు చేస్తే తర్వాత బయటికి తిరగొచ్చు.