ఖాళీగా వదిలిన గడి

"ఇందులో నా పేరెక్కడున్నాది పాపా?"

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని ఒక సవర గిరిజన గూడెంలో, అటవీ హక్కుల దరఖాస్తును చదివి వినిపిస్తుండగా ఆ పెద్దావిడ నన్ను అడిగిన మాట ఇది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడిన ఆమె వేలు కాగితం మీదే ఆగింది. దరఖాస్తుదారుడిగా భర్త పేరు రాసి, ఆ కిందనే ఉన్న "భార్య లేదా భర్త పేరు" అనే గడిని నేనే ఖాళీగా వదిలేశాను.

2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడు భూమికి, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు కల్పించే 2006 నాటి అటవీ హక్కుల చట్టం, పెళ్లైనవారికి ఆ హక్కుపత్రాన్ని భార్యాభర్తలిద్దరి పేరిటా ఇవ్వాలని స్పష్టంగా చెబుతోంది. శిక్షణలో ఈ మాట విన్నాను, రాసుకున్నాను కూడా. అయినా చేయి అలవాటుగా మగవారి పేరు దగ్గరే ఆగిపోయింది.

కళాశాల రోజుల్లో రక్తదాన శిబిరాలతో మొదలైన నా సేవలో, ఇవ్వడమే నా పని అనుకున్నాను. ఆ కొండవాలులో నలభై ఏళ్లు రాళ్లు ఏరిన మనిషికి నేను ఇచ్చేది ఏమీ లేదని, ఆమెకు ఉన్నదాన్ని సరిగా రాయడమే నా వంతు అని ఈ రోజు అర్థమైంది.

పేరు రాసి వినిపించాను. మరోసారి చదవమన్నారు, చదివాను.

సంచిలో ఇంకా పదకొండు దరఖాస్తులున్నాయి. ఈ రాత్రే అన్నీ తెరిచి చూస్తాను.