మిడ్ డ్యూటీ, బిట్ పేపర్

ఈరోజు మిడ్ పరీక్షల్లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షల్లో, నాకు ఇన్విజిలేషన్ పడింది. మాది జేఎన్టీయూ హైదరాబాద్‌కి అఫిలియేటెడ్ కాలేజీ. మిడ్ అంటే ముందు చిన్న ప్రశ్నల బిట్ పేపర్, అది తీసేసుకున్నాక పెద్ద జవాబులు రాసే డిస్క్రిప్టివ్. బిట్లకు 10 మార్కులు. 20 బిట్లు, 20 నిమిషాలు, బిట్టుకు అర మార్కు. ఆ 20 నిమిషాల్లో ఉండే హడావిడి మిగతా పరీక్ష మొత్తం మీద కూడా ఉండదు.

బెంచీకి ఇద్దరు, ఒకరు సీఎస్ఈ, ఒకరు ఈసీఈ. హాల్ టికెట్ నంబర్లో బ్రాంచి కోడ్ 05 ఉన్నవాడి పక్కన 04 ఉన్నవాడు. పక్కకి తొంగి చూస్తే ఆపరేటింగ్ సిస్టమ్స్ పిల్లాడికి కనిపించేది ఎవరిదో ఆంటెనా ప్రశ్న. అయినా చూస్తారు. అది కాపీ కొట్టాలని కాదు, మెడకి పట్టిన అలవాటు అనుకుంటా. అసలు జాగ్రత్త పడాల్సింది ముందు బెంచీ వాళ్ళ వేళ్ళతో. చెవి గోక్కుంటే ఒక ఆప్షన్, ముక్కు గోక్కుంటే ఇంకోటి. మా రోజుల్లోనూ ఇదే కోడ్.

పేపర్లు పంచే ముందు చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఫోన్లు, స్మార్ట్ వాచీలు బ్యాగుల్లో పెట్టి బయట వదిలేయాలి. ముందు హాల్ టికెట్ నంబరు గళ్ళు నింపాలి. జవాబు కుడివైపు బ్రాకెట్లో, పెద్ద అక్షరంతో, పెన్నుతో మాత్రమే. రాసిన అక్షరాన్ని దిద్దితే మార్కు లేదు. "చిన్న అక్షరం రాస్తే ఏమవుతుంది మేడమ్?" అని చివరి బెంచీ నుంచి ఒకడు. ఏమవుతుందా? చిన్న సీ పక్కన ఓ నిలువు గీత గీస్తే చిన్న డీ అయి కూర్చుంటుంది. పేపరు దిద్ది చేతికిచ్చాక "మేడమ్, నేను డీ అనే పెట్టాను, చూడండి" అని వచ్చేవాళ్ళుంటారు. ఈ రూలు ఎవరో ఊరికే పెట్టింది కాదు.

ఇంకోటి కూడా చెప్పాను: నెగెటివ్ మార్కులు లేవు, ఏ బ్రాకెట్టూ ఖాళీగా వదలొద్దని. అయినా ఒక అబ్బాయి వరుసగా కొన్ని వదిలేశాడు. పేపరు తీసుకుంటూ ఎందుకమ్మా అంటే, "తెలియనిది పెట్టకూడదని ఇంటర్లో బాగా నేర్పించారు మేడమ్" అన్నాడు. జేఈఈ కోచింగ్ పిల్లాడు. అక్కడ ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. ఎంసెట్‌లో, ఇప్పటి ఎప్‌సెట్‌లో, 160 ప్రశ్నలకీ నెగెటివ్ లేదు కదా, అదీ రాశావు కదా అంటే నవ్వాడు. రెండేళ్ళు తోమి తోమి ఎక్కించిన భయం, నా ఒక్క మాటకి దిగుతుందా?

బిట్లలో మొదటి సగం ఆప్షన్లు, రెండో సగం ఖాళీలు పూరించడం. పదో బిట్టు దాకా పెన్నులు పరిగెత్తాయి. పదకొండు దగ్గర గది మొత్తం ఒక్కసారిగా ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టింది. నన్నడిగితే అసలు పరీక్ష అక్కడే. ఆప్షన్లయితే కళ్ళు మూసుకుని పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది. ఖాళీలో సెమాఫోర్ అని రాయాలంటే ఆ మాట ఒక్కసారైనా చదివి ఉండాలి. "స్పెల్లింగ్ తప్పైతే మార్కు ఇస్తారా మేడమ్?" అంది ఒకమ్మాయి. "మీ సార్‌ని అడుగు" అన్నాను. ఆయనైతే ఇవ్వరు. ఆ సంగతి అప్పుడే చెప్పి టెన్షన్ పెట్టడం ఎందుకు?

బెల్లు కొట్టగానే చివరి బెంచీ నుంచి తీసుకుంటూ వచ్చాను. ముందు నుంచి మొదలుపెడితే వెనకవాళ్ళకి ఇంకో నిమిషం ఫ్రీగా దొరుకుతుంది, అందులో నాలుగు బిట్లు మారిపోతాయి. లెక్కపెడితే ఒక పేపరు తక్కువ. కంగారుపడి మళ్ళీ లెక్కపెట్టాను, అప్పుడూ అంతే. చివరికి ఒకమ్మాయి డిస్క్రిప్టివ్ బుక్‌లెట్ కింద దొరికింది. నంబర్ల వరుసలో పేర్చి, ఆబ్సెంటీల షీటు మీద సంతకం పెట్టి ఎగ్జామ్ సెల్‌లో ఇచ్చేసరికి క్యాంటీన్లో టీ అయిపోయింది.

రేపు మ్యాథ్స్. డ్యూటీ మార్చుకుందామని ఇద్దర్ని అడిగాను, ఇద్దరూ వినపడనట్టు వెళ్ళిపోయారు.