గ్రీనిచ్‌లో సింహం తల కత్తులు

లండన్‌లోని గ్రీనిచ్ వెళ్లినవాళ్లంతా ముందు కొండెక్కుతారు. సున్నా డిగ్రీల రేఖాంశం గీతకు అటో కాలు ఇటో కాలు వేసి ఫోటో దిగుతారు. మేమూ దిగాం. కానీ నా ధ్యాసంతా కొండ కిందున్న నేషనల్ మారిటైమ్ మ్యూజియం మీదే. లోపలికి టికెట్ కూడా అక్కర్లేదు.

జనం ఎక్కువగా గుమిగూడేది బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ కోటు దగ్గర. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ యుద్ధంలో ఆయన వేసుకున్న కోటు అది. ఎడమ భుజం దగ్గర తూటా చేసిన రంధ్రం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజు ఆయన కత్తి మాత్రం పెట్టుకోలేదట, అది గదిలోనే ఉండిపోయింది. నేను చూడాలనుకున్నవి మాత్రం ఆ కాలం ఆఫీసర్లకు బహుమతిగా ఇచ్చిన కత్తులు.

లండన్‌లో లాయిడ్స్ కాఫీహౌస్ చుట్టూ చేరిన వర్తకులు, ఓడల బీమా వ్యాపారులు 1803లో ఒక దేశభక్తి నిధి పెట్టారు. గాయపడినవాళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయం చేయడంతో పాటు, సాహసం చూపిన ఆఫీసర్లకు కత్తులిచ్చేవారు. హోదాను బట్టి 100, 50, 30 పౌండ్ల కత్తులు. కత్తి వద్దంటే వెండి కలశమో, డబ్బో తీసుకోవచ్చు.

అద్దానికి ముఖం ఆనించి చూశాను. తెల్లటి దంతపు పిడి. పైన నోరు తెరిచిన సింహం తల, బంగారు పూతతో. పక్కనున్న మా అక్క కొడుకు, "పిన్నీ, తల సరే, మిగతా సింహమేది?" అన్నాడు. వాడి ప్రశ్నతోనే నాకు అసలు విషయం కళ్లకు కట్టింది. ఒక పక్కకు జరిగి వంగి చూస్తే, తల వెనక నుంచి జూలు, తోలు పిడి వీపు పొడవునా కిందికి జారి ఉన్నాయి. ఇది బతికున్న సింహం కాదు, గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులిస్ చంపి ఒంటిమీద కప్పుకున్న నెమియా సింహం తోలు. వేళ్లకు అడ్డుగా వంగిన కమ్మీ ఆయన గద, దాన్ని చుట్టుకుని ఒక పాము. అడ్డపట్టీ రోమన్లు అధికార చిహ్నంగా మోసిన బరిగెల కట్ట. ఈ గుర్తుల అర్థం చెప్పే కాగితం కత్తి పెట్టె మూతలోనే అంటించేవారు. బరిగెల కట్టంటే ఐకమత్యం, గదంటే బలం, పామంటే వివేకం, సింహం తోలంటే విజయం. అంటే ఆ పిడి పట్టుకున్న ఆఫీసరు చేతిలో హెర్క్యులిస్ సరంజామా అంతా ఉన్నట్టే! ఇంత కథను గుప్పెడు చోటులో ఇమిడ్చిన పనివాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నౌకాదళపు మామూలు కత్తుల మీదా సింహాలున్నాయి. 1805లో తొలిసారి ఆఫీసర్ల కత్తికి నమూనా ఖాయం చేసినప్పుడు కెప్టెన్లకు, కమాండర్లకు దంతపు పిడి, సింహం తల ఇచ్చారు. లెఫ్టినెంట్లకు నల్లటి చేపచర్మం పిడి, దాని మీద తల ఉండదు. అక్కడ సింహం హోదాకు గుర్తు. 1827 నమూనాలోనూ అది ఉంది, బ్రిటిష్ నౌకాదళ ఆఫీసర్లు ఇప్పటికీ కవాతుల్లో పెట్టుకునేది ఆ నమూనా కత్తే. చక్కటి సింహమే గానీ, నా ఓటు మాత్రం లాయిడ్స్ కత్తులకే. మీరు వెళితే వాటిని ముందు నుంచి చూసి వచ్చేయకండి, పక్కకు జరిగి పిడి వీపు చూడండి.