ఖడ్గమృగం ఫొటో తీయబోతున్నారా? ముందు లొకేషన్ ఆపండి

దక్షిణాఫ్రికాలో క్రూగర్ వైపు సఫారీ ప్రాంతాల్లో మే నుంచి సెప్టెంబరు దాకా చలికాలం, వానలు లేని కాలం. గడ్డి పల్చబడుతుంది, జంతువులు నీటి మడుగుల చుట్టూ చేరతాయి. విశాఖ నుంచి సఫారీకి వెళ్లాలనుకునే కెమెరా మిత్రులకు అదే మంచి అదను. అందరూ మొదట అడిగేది ఏ లెన్స్ పట్టుకెళ్లాలని. లెన్స్ సంగతి కిందకి వస్తుంది. ముందు ఫోన్‌లోనూ కెమెరాలోనూ లొకేషన్ ఆపేయండి.

దక్షిణాఫ్రికాలో 2007లో వేటగాళ్ల చేతిలో చచ్చిన ఖడ్గమృగాలు 13. 2014లో 1,215. ఆ తర్వాత తగ్గుతూ 2024లో 420కి వచ్చింది. తగ్గిందన్నా, ఆ ఏడాది రోజుకొకటి కంటే ఎక్కువే పోయినట్టు లెక్క. కొమ్ములో ఉండేది మన గోళ్లలో ఉండే కెరాటినే. దాని కోసం తుపాకీ పట్టుకొచ్చేవాడికి ఎక్కువగా అక్కర్లేదు, జంతువు ఏ చోట తిరుగుతోందో తెలిస్తే చాలు. అందుకే క్రూగర్ నేషనల్ పార్కులో 'ఈరోజు ఏవి ఎక్కడ కనిపించాయి' అని పెట్టే బోర్డుల మీద సింహం, చిరుత ఉంటాయి గానీ ఖడ్గమృగం ఉండదు.

ఫోన్‌లో కెమెరా యాప్‌కి లొకేషన్ అనుమతి తీసేయాలి. పెద్ద కెమెరాని బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపే యాప్ ఉంటే దానికీ తీసేయాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే. కెమెరాలో జీపీఎస్ లేకపోయినా ఆ యాప్ ఫోన్ నుంచి లొకేషన్ తీసి ఫొటోలో రాసేస్తుంది. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ తొలగించే గడి టిక్ చేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఫైలుతో పాటే వెళ్లిపోతాయి.

అంతటితో అయిపోదు. వెనకాల కొండ గీత, నీటి మడుగు పేరు రాసిన రాయి, గాలిమర, టవరు, జీపు తలుపు మీది లాడ్జి గుర్తు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చోటు దొరికిపోతుంది. వీడియోలో అయితే గైడు వాకీటాకీలో మాట్లాడేది వినిపిస్తుంది, అందులో దారి పేరుంటుంది. ధ్వని తీసేసి పెట్టండి. నెల తర్వాత పెడితే పర్వాలేదు కదా అనుకోవద్దు. మగ తెల్ల ఖడ్గమృగం తన హద్దుల్లోనే ఉంటుంది, అవే పేడకుప్పల దగ్గరికి, అదే మడుగుకి మళ్లీ మళ్లీ వస్తుంది. నెల గడిచినా అక్కడే ఉంటుంది. రాష్ట్రం పేరు కూడా లేకుండా 'దక్షిణాఫ్రికా' అని మాత్రం రాయడం నా దృష్టిలో సరైన పద్ధతి. మన తూర్పు కనుమల్లో అలుగు (పాంగోలిన్) కనిపించినా ఇదే పాటించాలి. దాని పొలుసులూ కెరాటినే, దాని వెనకా కొనేవాళ్లున్నారు.

మరి ఫొటోకి విలువెక్కడ? రిజర్వు, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతం, సిబ్బంది చేతిలో. చాలా రిజర్వుల్లో ఖడ్గమృగాల చెవి అంచున గాట్లు పెడతారు. ఏ చెవికి, ఏ స్థానంలో గాటుందో దాన్నిబట్టి ఒక అంకె, అదే ఆ జంతువు గుర్తింపు. కాబట్టి అందమైన ఫ్రేము కోసం ఆగే ముందు నాలుగు రికార్డు ఫ్రేములు తీసుకోండి: ఎడమ పక్క, కుడి పక్క, రెండు చెవులూ నిటారుగా ఉన్నప్పుడు ఎదురుగా ముఖం, వెనక నుంచి తోక. కొమ్ముల ఆకారం, తోక కొస తెగి ఉండటం, పాత గాయపు మచ్చలు గాట్లు లేనివాటిని పోల్చుకోవడానికి పనికొస్తాయి. కాళ్లూ మెడా పెద్దవి చేసి చూడండి. ఉచ్చు తీగ చర్మంలోకి దిగిపోతే మామూలు కంటికి ఆనదు, 400 మిల్లీమీటర్ల ఫ్రేములో మడతకి అడ్డంగా సన్నటి గీతలా బయటపడుతుంది. అలాంటిది కనిపిస్తే సమయం, ఏ కాలు, ఎటు నడిచింది అన్నవి అప్పటికప్పుడు గైడుకి చెప్పాలి. సాయంత్రం దాకా ఆగితే పశువైద్యుడు వచ్చేసరికి జంతువు పొదల్లో కలిసిపోతుంది.

కొమ్ము లేని ఖడ్గమృగం ఎదురైతే నిరాశపడకండి. ఆ మొండి కొమ్మే దాని ప్రాణం నిలిపి ఉండొచ్చు. క్రూగర్ పార్కు, దాని పక్క రిజర్వులు కలిసిన గ్రేటర్ క్రూగర్ ప్రాంతంలో 2017 నుంచి 2023 వరకు జరిగిన పరిశీలన 2025లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కొమ్ములు కోయడం వల్ల వేట సుమారు 78 శాతం తగ్గిందని తేలింది. కోసే పద్ధతి ఇది. హెలికాప్టర్ నుంచి ఎటార్ఫిన్ అనే మత్తుమందు డార్టు వేస్తారు. పడిపోగానే కళ్లకి గంతలు, చెవుల్లో గుడ్డలు. తర్వాత కొమ్ము మొదట్లో పెరిగే పొర తెగకుండా కొన్ని సెంటీమీటర్లు వదిలి రంపంతో కోస్తారు. పొర తెగితే రక్తం వస్తుంది, కొమ్ము వంకరగా పెరుగుతుంది. ఈ మందుకి తెల్ల ఖడ్గమృగం ఊపిరి బాగా మందగిస్తుంది, అందుకే ఒకరు శ్వాస లెక్కపెడుతూనే ఉంటారు, అవసరమైతే ఆక్సిజన్ పెడతారు. ఎక్కువసేపు ఒకే పక్కకి పడి ఉంటే శరీరం బరువుకి కండరాలు దెబ్బతింటాయి. పని ముగియగానే విరుగుడు మందు నరంలోకి ఎక్కిస్తారు, నిమిషాల్లో లేచి నిలబడుతుంది. కొమ్ము మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్లకోసారి కోయాల్సిందే. ఆ మొండి కొమ్ము కోసం కూడా చంపేవాళ్లున్నారు, అందుకని కాపలా మానేయడానికి లేదు.

ఇక వెలుతురు. దీనికి అభ్యాసం ఇక్కడే చేసుకోవచ్చు. అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ చెరువుకి తెల్లవారుజామున వెళ్లండి. బురదలోంచి లేచిన గేదె, వీపు మీద తెల్ల కొంగ. ఇంతకంటే మంచి పాఠం లేదు. గేదె ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకి తేవాలని వెలుతురు పెంచుతుంది, కొంగ తెల్లగా కాలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటి దాకా తగ్గించి, వెలుతురు పంపకం చూపే హిస్టోగ్రామ్ గ్రాఫులో కుడి అంచు చూసుకోవాలి. బురద ఆరని ఖడ్గమృగానికీ ఇంతే. ఎండు గడ్డి మధ్య దూరంగా చిన్నగా ఉన్నప్పుడు మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. గడ్డి మెరుపుకి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, జంతువు నల్ల ముద్దవుతుంది. అప్పుడు ప్లస్ వైపు కొంచెం జరపాలి.

జంతువు పెద్దది కాబట్టి 100–400 లెన్స్ సరిపోతుంది, 600 లేదని బెంగ వద్దు. పది గంటలు దాటాక దూరం నుంచి తీస్తే వేడి గాలి అలలకి ఎంత ఖరీదైన లెన్సయినా మసకే. దగ్గరగా ఉన్నప్పుడు అపెర్చర్ ఎఫ్ 8 పెట్టండి. కొమ్ము కొసకీ కంటికీ మధ్య దూరం ఎక్కువ, 5.6కి రెండూ స్పష్టంగా రావు. కళ్లు చిన్నవి, బురద మడతల్లో ఉంటాయి. ఆటో ఫోకస్ వాటిని వదిలి కొమ్ము కొసనో వీపు మీది ఆక్స్‌పెక్కర్ పిట్టనో పట్టుకుంటుంది, కాబట్టి ఒకే బిందువు కంటి మీద పెట్టాలి. నిలబడి ఉంటే సెకనులో 1/500, పరిగెత్తితే 1/2000. ఇంజిన్ ఆపమని అడగండి, దాని వణుకు ఫొటోలో తెలుస్తుంది.

తెల్ల ఖడ్గమృగం మూతి వెడల్పు, తల దించి గడ్డి మేస్తుంది, పిల్ల తల్లికి ముందు నడుస్తుంది. నల్లదానికి కొక్కెంలాంటి పై పెదవి, పొదల ఆకులు తింటుంది, పిల్ల వెనక నడుస్తుంది. ఇది తెలిస్తే ఫ్రేములో ఖాళీ ఎటు వదలాలో ముందే తెలుస్తుంది. రెండింటికీ చూపు తక్కువ, వాసన, వినికిడి అమోఘం. మేత ఆపి రెండు చెవులూ మీ వైపు తిప్పి తోక చుట్టిందంటే ఇబ్బంది పడుతోందని అర్థం. అప్పుడు షట్టరు ఆపి, గైడుని బండి వెనక్కి తీయమనండి. ఆక్స్‌పెక్కర్లు అరిచినా అదే మాట, మనిషి వస్తున్నాడని దానికి అవే చెబుతాయి. క్రూగర్‌లో సొంతంగా బండి నడిపితే తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు, దిగకూడదు. డ్రోన్ నిషేధం.

సామాను విషయంలో ఒక వెసులుబాటు ఉంది. అక్కడి గోడ ప్లగ్గులో మన ఏసీకి, గీజరుకి వాడే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గు దిగుతుంది, కరెంటు కూడా 230 వోల్టులే. చార్జర్ల చిన్న ప్లగ్గుకి పెద్దదానిగా మార్చే అడాప్టరు ఇక్కడే ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా కొనుక్కోండి. లెన్స్ ఆనించుకునే బీన్ బ్యాగ్ సంచి ఖాళీగా తీసుకెళ్లి అక్కడ బియ్యంతో నింపుకోండి. తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో లంబసింగి చలి ఉంటుంది, స్వెట్టరు, మంకీ క్యాప్ తప్పనిసరి. జీపులో లెన్స్ మార్చొద్దు, ఎర్ర దుమ్ము సెన్సరు మీద చేరుతుంది. దుమ్ముని ముందు బ్లోయరుతో ఊదాలి. నేరుగా గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ఇంటికొచ్చాక ఆ దుమ్ముతోనే విశాఖ ఉక్కలో వదిలేస్తే ఫంగస్ పడుతుంది. శుభ్రం చేసి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో, తేమ 40–50 శాతం మధ్య ఉండేలా పెట్టండి.

అక్కడి నుంచి తిరిగి బయల్దేరే ముందు రోజు రాత్రి, రికార్డు ఫ్రేములన్నీ వేరే ఫోల్డరులో వేసి, తేదీ, సమయం మార్చకుండా పెన్ డ్రైవులో ఎక్కించి రిజర్వు ఆఫీసులో ఇచ్చి రండి. ఈ ఫోల్డరులో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో కూడా రాయండి. చోటు చెప్పాల్సింది వాళ్లకే.