గుంట మగ్గం ముందు కెమెరా ఎక్కడ పెట్టాలి: పనిలో ఉన్న మనుషుల ఫోటోలు, నా అనుభవం

పోచంపల్లిలో గానీ పుట్టపాకలో గానీ గుంట మగ్గం ముందు నిలబడి తీసిన ఫోటోలన్నీ ఒక్క తీరుగానే వస్తాయి. పైన నడినెత్తి, దాని కింద రెండు భుజాలు, ఎక్కడో నీడలో చేతులు. మొదట్లో నావీ అట్లనే వచ్చాయి. లెన్స్ మార్చి చూశాను, ఫ్లాష్ వేసి చూశాను, ఫోటో మాత్రం మారలేదు. కూర్చున్న రోజున మారింది. నేసే మనిషి నేల మట్టానికి కూర్చుని కాళ్లు గుంటలోకి వదులుతాడు. ఆయన కళ్లు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉంటే, నిలబడ్డ మన కళ్లు ఐదడుగుల పైన ఉంటాయి. కిందికి చూసి తీసిన ఏ ఫోటోలోనూ ఆయన చూపు దొరకదు.

ఇప్పుడు మగ్గం ఇంట్లోకి పోగానే చాప మీదనో నేల మీదనో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. కెమెరాను గుడ్డ కంటే ఒక జానెడు ఎత్తులో పెడతాను. ఆ ఎత్తులో నేసిన గుడ్డ సన్నని పలకలా కాకుండా కొంచెం పరుచుకుని కనిపిస్తుంది, చిటికి (దారానికి ముందే కట్లు కట్టి రంగేసే ఇక్కత్) డిజైన్ తెలుస్తుంది, ముఖమూ దొరుకుతుంది. ఇంకా కిందికి దిగితే పన్నె (దారాలను విడిగా ఉంచే దువ్వెన లాంటిది) బిగించిన పలక చేతులకు అడ్డం వస్తుంది. ఇంకా పైకి లేస్తే మళ్లీ నెత్తి మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్నది జానెడు, మహా అయితే జానెడున్నర.

కూర్చున్నాక వెంటనే తీయను. కనీసం పది నిమిషాలు కెమెరా సంచిలోనే ఉంటుంది. ఒక చెయ్యి తాడు గుంజుతుంది, నాడె (అడ్డ దారమైన పేకను మోసుకుపోయే కర్ర) నిలువు దారాల పడుగు సందులోంచి అటు దూకుతుంది. రెండో చెయ్యి పలకను తన వైపు లాగి పేక మీద పోటు వేస్తుంది. కాలు తొక్కు మారుస్తుంది, నాడె ఇటు వస్తుంది. ఈ దెబ్బల నడుమ తీసిన ఫోటోల్లో చేతులు ఎటో ఉంటాయి, తల ఎటో ఉంటుంది. కానీ చిటికి చీరలో ఇంకో పని ఉంది. రంగు ముందే దారానికి ఎక్కి ఉంటుంది కనుక, పేకలోని రంగు మచ్చ డిజైన్‌లో దాని చోటికి వచ్చిందా లేదా చూసుకోవాలి. రాకుంటే అంచు దగ్గర దారాన్ని వేళ్లతో కొంచెం లాగి సరిచేస్తారు. అప్పుడు తల వంగుతుంది, చూపు వేళ్ల మీద పడుతుంది, వేళ్లు దారం మీద ఉంటాయి. కన్ను, చెయ్యి, గుడ్డ మూడూ ఒక మూరెడు జాగాలోకి వస్తాయి. నేను ఎదురుచూసేది దానికోసమే. పుట్టపాకలో పడుగూ పేకా రెండూ కట్టి రంగేసిన చీరలు నేస్తారు. అక్కడ ఈ సర్దుడు ఇంకా ఎక్కువసార్లు వస్తుంది, మనకు అవకాశాలూ ఎక్కువే.

ఒకే తీరుగా బర్స్ట్ (ఆగకుండా వరుసగా ఫోటోలు తీయడం) నొక్కితే ఇది దొరకదా అని అడుగుతారు. రెండు వందల ఫోటోలు వస్తాయి, అందులో నూటతొంభై పోటు పడే ఫోటోలే. పైగా ఆ టపటప చప్పుడుకు నేసే మనిషి లయ చెడుతుంది. దెబ్బలు లెక్కపెట్టుకుంటే చాలు. ఎన్ని దెబ్బలకోసారి సర్దుతున్నారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

కూర్చునే చోట్లు నాకు తేలినవి మూడు. మగ్గానికి ఎదురుగా, పడుగు చాచిన వైపు నుంచి తీస్తే దారాలన్నీ మన దగ్గర నుంచి మొదలై నేసే మనిషి దాకా పోతాయి. ఫోటో చూసేవాళ్ల కన్ను పోయే దారి అదే. చిక్కేమిటంటే మగ్గం పైన అడ్డకర్ర సరిగ్గా కళ్ల మీదుగా పోతుంది. ఎడమకో కుడికో జానెడు జరగాలి, లేదంటే ఆయన పోటు కోసం ముందుకు వంగేదాకా ఆగాలి. రెండోది పక్కన, ముందుకు ఏటవాలుగా; చేతులూ ముఖమూ కలిసి దొరికేది ఇక్కడే, నా మంచి ఫోటోల్లో సగానికి పైగా ఇక్కడివే. మూడోది భుజం వెనక నుంచి. దీంట్లో ముఖం రాదు, ఆయన చూసేది మనకు కనిపిస్తుంది. డిజైన్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడే వాడతాను.

దూరం, ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్ అంకె) లెక్క ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఇక్కడే చాలామందికి ఫోటో పోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 35 ఎంఎం లెన్స్ వేసి, మీటరు దూరం నుంచి ఎఫ్ 2.8 దగ్గర తీస్తే పదునుగా వచ్చే లోతు 13 సెంటీమీటర్లే. వేళ్లు పదునుగా ఉంటాయి, అక్కడికి మూరెడు వెనక ఉన్న ముఖం మసకబారుతుంది. అదే ఒకటిన్నర మీటర్లకు జరిగి ఎఫ్ 5.6 పెడితే లోతు 60 సెంటీమీటర్ల దాకా వస్తుంది. వేళ్లూ కళ్లూ రెండూ నిలుస్తాయి. వెలుతురు తగ్గితే ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుతురును పట్టే చురుకును, 3200కు పెంచేస్తాను. గరుకు వస్తే రానీ, మసక ముఖాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఈ లోతు బాధ లేదు, వేరే బాధ ఉంది. ఫోన్ అసలు కెమెరా చూపు 24 నుంచి 26 ఎంఎం లెన్స్ అంత వెడల్పు. దాన్ని రెండడుగుల దగ్గరికి తీసుకుపోతే ముందున్న చెయ్యి ఉబ్బి తలకాయంత అవుతుంది. రెండింతల జూమ్ పెట్టి నాలుగడుగుల దూరానికి జరగండి. అల్ట్రావైడ్ మాత్రం గది మొత్తం చూపడానికే, అదీ మనిషి నడిమధ్యలో ఉంటేనే; అంచుకు వచ్చిన మనిషి తల సాగిపోతుంది.

వెలుతురు సంగతి. మగ్గం ఇంట్లో సాధారణంగా ఒక పక్క తలుపో కిటికీనో, నెత్తి మీద ఒక ట్యూబ్‌లైటో ఎల్‌ఈడీ పట్టీనో ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. షట్టర్ 1/250 (సెకనులో 250వ వంతు) పెడితే ఫోటో మీద అడ్డంగా నల్లటి చారలు పడతాయి, సైలెంట్ షట్టర్‌లో మరీ ఎక్కువ. 1/50 గానీ 1/100 గానీ పెట్టాలి. 1/50 దగ్గర పలక కొంచెం చెదిరి కదలిక తెలుస్తుంది, వంగిన తల నిలకడగానే ఉంటుంది. నాకు అదే నచ్చుతుంది. నాడెను గాల్లో ఆపాలని పట్టుబడితే లైటు ఆపించి, తలుపు వెలుతురులో తీయాలి. కానీ ఆ లైటు మన కోసం లేదు, దారం రంగు చూసుకోవడానికి ఉంది. "అన్నా, జర రెండు నిమిషాలు లైట్ బంద్ చేద్దామా?" అని అడుగుతాను, రెండు నిమిషాలు కాగానే నేనే లేచి వేస్తాను. తెల్ల బనియన్ వేసుకుని ఉంటే, చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా మోసపోయి ఫోటోను మరీ వెలుతురు చేస్తుంది, బనియన్ తెల్లటి మచ్చ అవుతుంది; అందుకే ఎక్స్‌పోజర్ 0.7 తగ్గిస్తాను. ఫోన్‌లో అయితే చేతి మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి కిందికి జరపాలి. రంగులు పచ్చపచ్చగా రాకుండా, మొదటి ఫోటో రంగెయ్యని తెల్ల నూలు కండెను తీసి పెట్టుకుంటాను. తర్వాత దాన్ని చూసుకుని తెలుపు సరిచేయవచ్చు.

ఇక వెనక కనిపించే సామాను. మగ్గం నిండా నిలువు కర్రలూ, పైకప్పుకు కట్టిన తాళ్లూ ఉంటాయి. నొక్కేముందు తల చుట్టూ ఒకసారి కన్ను తిప్పుకోవాలి. కర్ర తలలోంచి మొలిచినట్టు ఉంటే ఒక బెత్తెడు పక్కకు జరిగితే పోతుంది. గోడ మీద క్యాలెండర్, దేవుడి పటం, గూట్లో దువ్వెన ఉండనివ్వండి, అది ఆ ఇంటి మనుషుల జాగా. తీసేయాల్సింది కళ్లు గుంజే రంగు మాత్రమే. తెల్ల ప్లాస్టిక్ కవరు, నీలం డ్రమ్ము, ఎర్ర బకెట్. ఇల్లంతా సర్ది, నేసేవాళ్లకు ఉతికిన లాల్చీ తొడిగించి తీసే ఫోటోలు టూరిజం పోస్టర్లకు పనికొస్తాయేమో.

గుంటలో కాళ్ల ఫోటో చాలామంది మరిచిపోతారు. నేసే పనిలో సగం అక్కడ ఉంది. ఫోన్‌ను కిందికి దించి, ఐఎస్ఓ 3200, షట్టర్ 1/50తో, తొక్కుడు కర్రల మట్టానికి పెట్టి తీయాలి. మడమ దగ్గర ఫ్రేమ్ తెగకూడదు. మణికట్టు, మోచెయ్యి, చీలమండ, ఏ కీలు దగ్గర తెగినా ఆ అవయవం నరికినట్టు కనిపిస్తుంది. పిక్క సగంలో తెగితే కంటికి బాధ ఉండదు.

మగ్గం కంటే ముందు ఆసు. చిటికికి కట్టబోయే పేక దారాన్ని ఒక పక్క ఒంటి మేకుకూ, ఇంకో పక్క అర్ధచంద్రంలా వరుసగా ఉన్న మేకులకూ చుట్టడం. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. బొమ్మ ఆ చెయ్యి గీసే వంపులోనే ఉంది. కెమెరా స్టూలు మీద ఆనించి 1/15 పెడితే చెయ్యి వంపుగా చెదురుతుంది, ముఖం నిలుస్తుంది. అర్ధచంద్రం పూర్తిగా ఫ్రేములో ఉండాలి, చివరి మేకు తెగితే వంపు అర్థం కాదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూసి ఈ పనికి యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఉన్న ఇంట్లో "అమ్మా, ఫోటో కోసం ఒకసారి చేత్తో చుట్టుండ్రి" అని అడగడం నాకు నచ్చదు. యంత్రం మీద పనిచేస్తే యంత్రంతోనే తీయాలి.

మగ్గం దగ్గర నేర్చుకున్నది బయట పనులకు నేరుగా సరిపోదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు నాట్లు తీసినప్పుడు నాకు తెలిసిన సూత్రం తిరగబడింది. మనిషి ఎటు చూస్తే అటు జాగా వదలాలంటారు కదా. నాటు వేసేవాళ్లు ముందుకు చూస్తూ వెనక్కి నడుస్తారు. నాటిన మడి వాళ్ల ముందు ఉంటుంది, ఖాళీ బురద వెనక ఉంటుంది. ముందు వైపే జాగా వదిలితే పని అయిపోయినట్టు కనిపిస్తుంది, ఎంత మిగిలిందో తెలియదు. అందుకే ఒడ్డు మీద పక్కగా కూర్చుని, ఒక పక్క నాటిన పచ్చదనం, ఇంకో పక్క బురద, నడుమ వంగిన వరుస వచ్చేట్టు పెడతాను. వెనక నుంచి ఎప్పుడూ తీయను. చీర పైకి దోపుకుని వంగి పనిచేసే ఆడవాళ్లను వెనక నుంచి తీసిన ఫోటో ఎంత బాగున్నా ఎవరికీ చూపించలేం. పొద్దున తొమ్మిది లోపే వెలుతురు ఏటవాలుగా ఉండి నీళ్లలో నీడలు పడతాయి.

తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులను చెట్టు కింద నిలబడి తీస్తే అరికాళ్లే వస్తాయి. లొట్టి (కల్లు కుండ) గానీ కత్తి గానీ జారితే ప్రమాదం కూడా. చెట్టు ఎంత ఎత్తో కనీసం అంత దూరం వెనక్కి పోయి, గట్టో బండో ఎక్కి 135 నుంచి 200 ఎంఎంతో తీస్తాను. మోకు (చెట్టుకూ నడుముకూ చుట్టుకునే తాడు) మీద నడుము ఆనించి వెనక్కి వాలినప్పుడు మనిషికీ మానుకూ నడుమ ముక్కోణంలా ఖాళీ ఏర్పడుతుంది, దాంట్లోంచి ఆకాశం కనిపించాలి. మోకు ఫ్రేములో తెగొద్దు. వెనక తెల్ల ఆకాశమే ఉంటే మనిషి నల్లగా మారతాడు కనుక, సూర్యుడు మన వీపు వెనక ఉండే పూట చూసుకోవాలి. పైన ఉన్నప్పుడు పిలవకూడదు, చెయ్యి ఊపమని అడగకూడదు.

మళ్లీ మగ్గం దగ్గరికి వస్తే, తీసే ముందు నేను అనుమతి అడిగేది మనిషి ఫోటోకే కాదు, గుడ్డ ఫోటోకు కూడా. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినా, కొత్త డిజైన్ ఫోటో బయటికి పోతే అదే బొమ్మను మిల్లు గుడ్డ మీద అచ్చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. వద్దంటే ఎఫ్ 2 పెట్టి ముఖం మీద ఫోకస్ చేస్తాను, గుడ్డ రంగుల మసకగా మిగులుతుంది. గద్వాలలోనూ ఇదే పద్ధతి. అక్కడ ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు కనుక మెరుపు అంచు వైపే వస్తుంది, కిటికీ ఆ పక్కకు ఉండేలా కూర్చుంటాను.

చివరగా ఎంచుకునేటప్పుడు ఫోటోను బొటనవేలి గోరంత చిన్నది చేసి చూస్తాను. ఆ సైజులోనూ ఏం పని జరుగుతోందో తెలియకుంటే పక్కన పెట్టేస్తాను. మిగిలినవాటిలో రెండు 6×8 ప్రింట్లు తీయించి ఆ ఇంటికి ఇస్తాను. ఫోటోను ఎడమ కుడి తిప్పి, అందంగా ఉందని వాడే అలవాటు ఉంటే మానుకోండి: తాడు గుంజే చెయ్యి మారిపోతుంది. మనం గమనించకున్నా నేసే మనిషి ప్రింట్ చేతికి రాగానే, "గిది నా చెయ్యి గాదు కదా" అంటాడు.